బేస్‌బాల్ కార్డులకి ముహూర్తం

మా ఆయనకి దేవుడంటే నమ్మకం లేదు, జాతకాలంటే ఒళ్లుమంట, పంచాంగమంటే వెటకారం. అలాంటి మనిషి ఈ ఫిబ్రవరిలో కొత్త సీజన్ బేస్‌బాల్ కార్డుల డబ్బా కొనుక్కొచ్చి, ఫ్రిజ్ మీద పెట్టి, "ఇవాళ మంగళవారం కదా, కొత్త వస్తువు విప్పకూడదేమో" అన్నారు. నేను చపాతీ కర్ర పక్కన పెట్టి ఆయన మొహంలోకి చూశాను. జ్వరమేమోనని నుదురు కూడా తాకి చూశాను. జ్వరం లేదు.

ఆయన పేరు గౌరీశంకర్. ఇల్లినాయ్ రాష్ట్రంలో వంతెనల ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. మేం చికాగో పక్కనున్న అరోరాలో ఇల్లు కొన్నప్పుడు చుట్టూ మొక్కజొన్న చేలుండేవి. ఇప్పుడు చుట్టూ ఇళ్లు, ఇండియన్ స్టోర్లు, కారులో పది నిమిషాలు వెళ్తే గుడి. మా అమ్మాయి శ్రుతి వర్జీనియా వైపు షాంటిలీలో కాపురం ఉంటోంది. ఇల్లు ఇద్దరికి చాలా ఎక్కువే. కానీ బేస్‌మెంట్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. అక్కడ ఏడాదికో తెల్ల అట్టపెట్టె చొప్పున ఈయన కార్డులు కాపురం ఉంటున్నాయి.

ఇది పెళ్లికి ముందు పట్టుకున్న రోగం. డెబ్బైల్లో చికాగోకి చదువుకోడానికి వచ్చినప్పుడు, సిగరెట్లూ పేపర్లూ అమ్మే కొట్లో చిన్న పేకెట్ ఒకటి కొన్నారట. ఆ రోజుల్లో కార్డులతో పాటు పేకెట్‌లో గులాబీ రంగు బబుల్ గమ్ ముక్క ఉండేది. ఈయన కొన్నది గమ్ కోసం. ఆ కార్డులు గమ్ విరక్కుండా పెట్టిన అట్టలనుకున్నారు. వారం రోజుల పాటు అట్టలు పారేసి గమ్ నమిలారు. చివరికి అమెరికన్ రూమ్మేట్ చెత్తబుట్టలోకి చూసి గుండెలు బాదుకున్నాడట. అతను ఏరి ఇచ్చిన కార్డు మీద బేస్‌బాల్ ఆటగాడి ఫొటో, తిప్పి చూస్తే వెనకంతా అతని ఆట లెక్కల అంకెలు. అంకెలు కనిపిస్తే మా ఆయనకి అన్నం అక్కర్లేదు. ఆటగాడు ఏ ఊళ్లో పుట్టాడో కూడా అందులో రాసి ఉంటుంది. అమెరికా భూగోళం ఈయన ఆ కార్డుల వెనకే చదువుకున్నారు. ఇప్పటికీ కారులో వెళ్తూ ఏదో పల్లెటూరి బోర్డు కనపడితే చాలు, "ఇది ఎడమచేత్తో బంతి విసిరే ఫలానా పిచ్చర్ వాళ్ల ఊరు" అంటారు. నాకేం ఒరిగింది? ఆ ఊళ్లో బాత్రూమ్ ఎక్కడుందో చెప్పమంటే మాత్రం తెలియదు.

ఇక డబ్బాలో ఉండే ఒక్కో పేకెట్ విప్పే తీరు చూడాలి. దేవుడి దగ్గర లేని మడి అంతా అక్కడుంది. చేతులు సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకుని, డైనింగ్ టేబుల్ మీద ఉతికిన తెల్ల తువ్వాలు పరుచుకుని కూర్చుంటారు. కత్తెర పనికిరాదు, కార్డు అంచు తెగుతుందట. చాకు మాట ఎత్తకూడదు. పేకెట్ వెనక అతుకు దగ్గర రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ ఆనించి ఒక్క లాగు లాగుతారు. చిరుగు స్కేలు పెట్టి గీసినట్టు వస్తుంది. వంతెనల బొమ్మలు చేత్తో ఇంకు పెట్టి గీసే రోజుల్లో, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి ఈయన గీత చూపించి పాఠం చెప్పేవారట. బొమ్మలు కంప్యూటర్‌లోకి వెళ్లిపోయాక ఆ గర్వమంతా ఈ పేకెట్ల మీదికి మళ్లింది.

ఇంకొకరు ముట్టుకోవడానికి వీల్లేదు. శ్రుతి చిన్నప్పుడు ఒక్కటంటే ఒక్క పేకెట్ విప్పుతానని ఏడిస్తే దానికి వేరే డబ్బా కొనిచ్చారు గానీ తనది ఇవ్వలేదు. నా సంగతి సరేసరి. టేబుల్ తుడవడం వరకే నా అధికారం. సీజన్‌లో మొదటి ఆట మొదలయ్యేలోపు డబ్బా అంతా విప్పి, కార్డులు నంబరు వరసన పేర్చి, ఆ ఏటి అట్టపెట్టెలో పెట్టి తీరాలి. శ్రుతి పుట్టి నేను ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు, పిల్లని నా ఒళ్లో పడుకోబెట్టి, నాకో గ్లాసు పాలిచ్చి, ఆయన వెళ్లి తువ్వాలు పరుచుకున్నారు. ఆ మాట ఇప్పటికీ అడుగుతుంటాను. "మొదటి ఆట మర్నాడే కదా మరి" అంటారు, నాదే తప్పన్నట్టు.

అలాంటిది ఈ ఏడు డబ్బా ఫ్రిజ్ మీద నుంచి దిగలేదు. మంగళవారం పోయింది. బుధవారం అష్టమి అన్నారు. ఆ తరవాత మూఢమో ఏదో అన్నారు. మార్చి వచ్చింది, వాకిట్లో మంచు కరిగింది, మొదటి ఆట వారంలోకి వచ్చేసింది. మొదట్లో నా డైనింగ్ టేబుల్ నాకు దక్కిందని సంబరపడ్డాను. రానురాను భయం పట్టుకుంది. ఈ డబ్బా విప్పకుండా సీజన్ మొదలైపోతే ఈ మనిషి ఏమైపోతాడు? నా భయం ఎప్పుడూ కోపంగానే బయటికొస్తుంది. రోజుకి నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ పంచాంగం చెప్పారు.

నా పంచాంగాన్ని ఈయన ఎన్ని మాటలన్నారని! కొత్తలో మా అమ్మ తెనాలి నుంచి పంచాంగం పంపేది. అందులో రాహుకాలం చూసి నేను బయల్దేరబోతే, "తెనాలి రాహువుకి ఇక్కడికి వీసా ఎవరిచ్చారే?" అనేవారు. నాకు రోషమొచ్చి, ఇక్కడి సూర్యోదయంతో లెక్కకట్టడం నేర్చుకున్నాను. ఇప్పుడు గుడివాళ్లే చికాగో టైముతో కేలండర్ వేస్తున్నారు. వంటింటి తలుపు వెనక వేలాడుతూ ఉంటుంది. ఈయన దాని వంక చూసిన పాపాన పోలేదు. సత్యనారాయణ వ్రతానికి బతిమాలి కూర్చోబెడితే, పురోహితుడు "అమ్మా, మీరు అయ్యగారి చెయ్యి పట్టుకోండి, ఆయన చేసేది ఇద్దరికీ చెందాలి" అన్నప్పుడల్లా, "నాలుగు అక్షింతలు వేయడానికి ఇద్దరెందుకయ్యా" అని గొణిగేవారు. ఆ నోటితో ఇప్పుడు అష్టమి అంటే ఎవరు నమ్ముతారు?

మొన్న శనివారం హనుమయ్యగారు వచ్చారు. వరంగల్ వైపు ఆయన, ఈయనతో పాటే చదువుకున్నారు. ఏటా డబ్బా విప్పే రోజున వచ్చి, నేను చేసిన పకోడీలు తింటూ, ఎదురుగా కూర్చుని చూడటం ఆయనకి అలవాటు. ఈ ఏడు పిలుపు రాకపోయేసరికి ఆయనే వచ్చేశారు.

"ఏంది శంకరం, ఇంకా ఓపెన్ చెయ్యలే? సీజన్ నెత్తి మీదికొచ్చె" అన్నారు ఫ్రిజ్ వంక చూస్తూ.

"ఇవాళ కుదరదు హనుమయ్యా. సాయంత్రం నాలుగున్నర దాకా వర్జ్యం."

హనుమయ్యగారి చేతిలో పకోడీ ఆగిపోయింది. "వర్జ్యమా? నువ్వా? వదినా, మీ ఆయన తలకాయ ఒకసారి స్కాన్ చేయించున్రి" అని పెద్దగా నవ్వి, లేచి డబ్బా అందుకోబోయారు. "ఇటియ్యి, నేను చింపుత."

"ముట్టుకోకు!"

ఆ అరుపుకి నేనే ఉలిక్కిపడ్డాను. ఇన్నేళ్ల స్నేహంలో వీళ్లిద్దరి మధ్య అలాంటి గొంతు నేను వినలేదు. హనుమయ్యగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. టీ సగం తాగి, "పనుంది వదినా" అని వెళ్లిపోయారు. ఆయన కారు మలుపు తిరగకముందే ఈయన వాకింగ్‌కని జాకెట్ తగిలించుకుని బయటపడ్డారు.

నేను తలుపు వెనక్కి వెళ్లి కేలండర్ చూశాను. వర్జ్యం నిజమే. కానీ ఇక్కడ తెల్లవారకముందే వెళ్లిపోయింది. ఈయన చెప్పిన నాలుగున్నర హైదరాబాదు నాలుగున్నర. ఫోన్‌లో ఏదో చూసి, టైము కూడా మార్చకుండా అప్పజెప్పేశారు. తెనాలి రాహువుకి వీసా అడిగిన పెద్దమనిషి, హైదరాబాదు వర్జ్యాన్ని తిన్నగా అరోరాలో దింపేశారు. నిజంగా నమ్మకం పుట్టినవాడైతే గుడి కేలండర్ చూస్తాడు, లేదా నన్నడుగుతాడు. ఈయనకి ఏదో ఒక సాకు కావాలి, అంతే. ఎందుకు కావాలి?

స్టూల్ ఎక్కి డబ్బా దింపాను. పైన ప్లాస్టిక్ కాగితం అప్పటికే తీసేసి ఉంది. మూత ఎత్తితే పైనున్న పేకెట్ నలిగి ఉంది. వెనక అతుకు దగ్గర పీకి పీకి ముడతలు పడింది. ఒక మూల పళ్ల గాట్లు. కత్తెర తగిలితేనే శివాలెత్తే మనిషి పేకెట్‌ని పళ్లతో కొరికారు. అయినా అది తెరుచుకోలేదు.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. జన్మలో స్టీలు గ్లాసులో తప్ప కాఫీ తాగని మనిషి పెద్ద మగ్గులో సగానికి పోయమంటున్నారు. చెక్కు మీద సంతకం నన్నే పెట్టమంటున్నారు, కళ్లజోడు కనపడలేదట. బొత్తాల చొక్కాలు మానేసి టీషర్టులు వేస్తున్నారు. మొన్న గుడిలో తీర్థం చేతిలోంచి ఒలికిపోతే వెనకవాళ్లు తోశారన్నారు. వెనక ఉన్నది నేనే. నేను తోయలేదు.

ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ఒళ్లు భగ్గున మండింది. రిటైరయ్యేదాకా ఆసుపత్రి లాబ్‌లో ఊరందరి చేతులూ పట్టుకుని రక్తం తీశాను. సూది చూసి వణికేవాళ్లు, జబ్బుతో వణికేవాళ్లు, ముసలితనంతో వణికేవాళ్లు, అందరి చేతులూ నాకు తెలుసు. నా ఇంట్లో చేతిని నా కంటపడకుండా జేబులో పెట్టుకు తిరుగుతారా! ఎంత ధైర్యం!

ఆయన తిరిగొచ్చేసరికి డబ్బా టేబుల్ మీద ఉంది. కొరికిన పేకెట్ దాని పక్కనుంది.

"ఏమండీ, హైదరాబాదు వర్జ్యం అరోరాలో ఎలా పడిందండీ?" అన్నాను.

"నా డబ్బా ఎవరు ముట్టుకోమన్నారు?"

"పళ్లతో కొరికినవాళ్లకి ఆ మాట అడిగే హక్కు లేదు. కూర్చోండి. కుడిచెయ్యి ఇక్కడ పెట్టండి."

ఆయన జాకెట్ విప్పకుండానే కూర్చుని, జేబులోంచి చెయ్యి తీసి టేబుల్ మీద పెట్టారు. బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే కదులుతున్నాయి, ఊళ్లో వైద్యుడు మాత్ర చుట్టినట్టు.

"ఎన్నాళ్లనుంచి?"

"దసరా అప్పటినుంచి. మొదట్లో ఎప్పుడో ఒకసారి వచ్చేది."

"డాక్టర్‌కి చూపించారా?"

"ఏం చెప్తాడో నాకు తెలుసు. ఫోన్‌లో చదివాను."

"వర్జ్యమూ ఫోన్‌లోనే, రోగమూ ఫోన్‌లోనే. పెళ్లాం మాత్రం ఎదురుగా కూర్చుని ఎందుకూ పనికిరాకుండా పోయింది. నాకెందుకు చెప్పలేదు?"

ఆయన పేకెట్ వంక చూస్తూ మెల్లిగా అన్నారు. "చెప్తే, ఇలా ఇవ్వండి, నేను విప్పి పెడతాను అంటావు. ఆ మాట వినలేననిపించింది చాముండీ."

సరిగ్గా ఆ మాటే నా నాలిక చివరనుంది. మింగేశాను.

"ఈ ఏడు వదిలేద్దాంలే. ఇలాగే కింద పెట్టేస్తాను. విప్పని డబ్బాలకే విలువెక్కువట" అన్నారు.

కార్డులు విప్పకుండా దాచుకునేవాళ్లని, పెళ్లి చేసుకుని కాపురం చెయ్యనివాళ్లంటూ వెక్కిరించే మనిషి ఈయన. విలువ గురించి మాట్లాడినవాళ్లని ఇంట్లోంచి వెళ్లగొట్టినంత పని చేసేవారు. ఆ నోటితో ఇది అన్నారంటే ఓడిపోయాననుకుంటున్నారన్నమాట. నేను లేచి తలుపు వెనక్కి వెళ్లి కేలండర్ చూసి వచ్చాను.

"రేపు పొద్దున దశమి. ఆదివారం దుర్ముహూర్తం సాయంత్రం గానీ లేదు. వర్జ్యం మధ్యాహ్నం రెండు దాటాక. ఇవన్నీ చికాగో టైములే. పంచాంగం మీరు మొదలుపెట్టారు, నేను పూర్తిచేస్తాను. రేపు స్నానం చేసి రండి."

"నువ్వు విప్పడానికి వీల్లేదు."

"విప్పను. నాకేం కర్మ?"

పొద్దున టేబుల్ మీద తెల్ల తువ్వాలు పరిచి, ఒక పక్కగా తమలపాకులో పసుపు గణపతిని పెట్టి, కుంకుమ అద్ది, చిన్న దీపం వెలిగించాను. ఈయన స్నానం చేసొచ్చి చూసి, "ఇదంతా ఏమిటి?" అన్నారు.

"ముహూర్తం కావాలన్నారుగా. ముహూర్తమంటే ఇవన్నీ ఉంటాయి."

"ఆ కుంకుమ కార్డులకి తగిలిందంటే..."

"తగలదు. నోరు మూసుకుని కూర్చోండి."

కూర్చున్నారు. నేను కుడిపక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కొరికిన పేకెట్ తీసి ఆయన ముందు పెట్టాను. అందులో కార్డులు పాడైపోయి ఉంటాయన్నారు. "పాడైతే కానివ్వండి. సగంలో వదిలేసింది ముందు పూర్తిచెయ్యాలి" అన్నాను.

ఆయన పేకెట్ తీసుకుని అతుకు దగ్గర వేళ్లు ఆనించారు. వణుకు మొదలైంది. ఆ మెరిసే కాగితం చేతిలో గరగరమంటోంది. ఆయన దవడ బిగుసుకుంది. నాకు తెలుసు, ఇంకొక్క క్షణం పోతే పేకెట్ విసిరికొట్టి లేచిపోతారు. అప్పుడు నేను చెయ్యి చాచి ఆయన మణికట్టు పట్టుకున్నాను. లాబ్‌లో పట్టుకున్నట్టే, గట్టిగా నొక్కకుండా, అలాగని వదలకుండా, కింద నుంచి.

ఆయన చప్పున నా వైపు తిరిగారు.

"నేను విప్పడం లేదు" అన్నాను. "పురోహితుడు ప్రతి వ్రతంలోనూ చెప్పేదే చేస్తున్నాను. చేసేది మీరే. ఇద్దరికీ చెందాలి, అంతే."

"నాలుగు అక్షింతలకి ఇద్దరెందుకు" అంటారేమోనని చూశాను. అనలేదు. నా చేతిలో ఆయన చెయ్యి వణుకుతూనే ఉంది, కానీ కాస్త తగ్గింది. ఒక్క లాగు లాగారు.

స్కేలు పెట్టి గీసినట్టు రాలేదు. చిరుగు అడ్డదిడ్డంగా పోయి, చివర్న ఒక కార్డు మూల కూడా మడతపడింది. "చూడు, వంకరపోయింది. నువ్వు మోచెయ్యి కదిపావు" అని నా మీద అరిచారు. "నేను కదపలేదు, మీరే గట్టిగా లాగారు" అని నేనూ అరిచాను. అరుచుకుంటూనే కార్డులు బయటికి తీసి, మొదటిదాన్ని వెనక్కి తిప్పి, కళ్లకి దగ్గరగా పెట్టుకున్నారు.

"ఈ కుర్రాడిది అయోవా. మనం డీమాయిన్ వెళ్లేటప్పుడు పెట్రోలు కొట్టించుకున్నామే, ఆ పక్క ఊరే" అన్నారు. ఆ గొంతు విని నెల దాటింది. నాకు అప్పుడొచ్చాయి కళ్లలో నీళ్లు. చెయ్యి ఖాళీ లేక తుడుచుకోలేదు.

రెండో పేకెట్‌కి చెయ్యి చాచారు. నేను డబ్బా మూత వేసేశాను.

"ముందు డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చేయండి."

"ఇవాళ ఆదివారం. ఆఫీసుండదు."

"ఆన్‌లైన్‌లో చేయండి. వర్జ్యం చూడటానికి పనికొచ్చిన ఫోన్ దీనికి పనికిరాదా?"

"ఇది బ్లాక్‌మెయిల్."

"అవును."

మొదటి ఆట గురువారమే. ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఫోన్ తీసి ఒక వేలితో కొట్టడం మొదలుపెట్టారు. ఒక అక్షరానికి రెండు పడుతున్నాయి, చెరుపుతున్నారు, మళ్లీ కొడుతున్నారు. ఆ ఫోన్ లాక్కుని నేనే కొట్టేద్దామని నా ప్రాణం ఎంత కొట్టుకుందో నాకే తెలుసు. చేతులు కట్టుకుని కూర్చున్నాను. చివరికి ఫోన్ నా ముందు పెట్టారు. బుధవారం పొద్దున, నరాల డాక్టరు. మూత తీశాను.

అలా ఒక్కో పేకెట్ విప్పుకుంటూ వచ్చాం. ప్రతిదానికీ పోట్లాట ఉంది. నా గాజు అడ్డమొచ్చిందంటారు, నేను ఊపిరి గట్టిగా పీలుస్తున్నానంటారు. మధ్యలో ఆయనే హనుమయ్యగారికి ఫోన్ చేసి, "నిన్న అరిచాను, ఏమనుకోకు. సగం డబ్బా ఉంచుతున్నా, సాయంత్రం రా" అన్నారు. అవతల ఆయన ఏమన్నారో గానీ ఈయన నవ్వారు. "వర్జ్యం లేదులే, మీ వదిన కనుక్కుంది" అన్నారు.

ఇంతలో వంటింట్లో కుక్కర్ కూత వేసింది. పప్పు మాడుతుందేమోనని లేచాను.

"నేను స్టవ్ ఆపి వస్తాను. మీరు కానిస్తూ ఉండండి" అన్నాను.

వంటింట్లోకి వెళ్లానే గానీ చెవులు టేబుల్ దగ్గరే ఉన్నాయి. కాగితం గరగర వినపడలేదు. మళ్లీ పళ్లతో కొరుకుతున్నారేమోనని తలుపు పక్కనుంచి తొంగి చూశాను. పేకెట్ తువ్వాలు మీద పెట్టి, రెండు చేతులూ దాని పక్కన పెట్టుకుని, వంటింటి వైపే చూస్తూ కూర్చున్నారు.

"ఆపేశారేం?"

"నువ్వు చెయ్యి పట్టుకోకపోతే ఇద్దరికీ చెందదన్నావుగా. తొందరగా రా. మళ్లీ వర్జ్యం వచ్చేస్తుంది."

"ఏ వర్జ్యం? హైదరాబాదుదా, మనదా?"

"మనదే" అన్నారు.

స్టవ్ ఆపి, చేతులు సబ్బుతో కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని వెళ్లాను.